ఇంట్లో పాత కంప్యూటర్‌ని రూటర్‌గా పెడితే ఏమొస్తుంది, ఏం రాదు

గోడకి వేలాడే వైఫై బాక్సు, అంటే ఇంటి నెట్‌ని బయటి నెట్‌కి కలిపే రూటర్, కూడా కంప్యూటరే. లోపల ఒక ప్రాసెసర్, కాస్త మెమరీ, చాలా బాక్సుల్లో లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటాయి. తెర, కీబోర్డు ఉండవు కాబట్టి అలా అనిపించదు, అంతే. 2002 చివర్లో వచ్చిన లింక్‌సిస్ కంపెనీ డబ్ల్యూఆర్‌టీ54జీ రూటర్‌లో లినక్స్ నడుస్తోందని బయటపడ్డాక లైసెన్సు ప్రకారం కంపెనీ సోర్సు కోడ్ ఇవ్వాల్సి వచ్చింది, ఆ కోడ్ పునాది మీదే 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రూటర్ సాఫ్ట్‌వేర్ పుట్టింది. ఇంకా వెనక్కి వెళ్తే 1986లో అమెరికాలో ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్ అనే పరిశోధన నెట్‌వర్క్ మొదటి రూటర్లు ప్రత్యేక యంత్రాలేమీ కావు, డేవిడ్ మిల్స్ రాసిన ఫజ్‌బాల్ సాఫ్ట్‌వేర్ ఎక్కించిన పీడీపీ-11 రకం కంప్యూటర్లు. మన దగ్గర 1995 ఆగస్టు 15న అప్పటి ప్రభుత్వ టెలికాం కంపెనీ వీఎస్‌ఎన్‌ఎల్ జనానికి ఇంటర్నెట్ ఇచ్చాక వీధివీధినా వెలిసిన నెట్ సెంటర్లలోనూ ఇదే పద్ధతి. మోడెం తగిలించిన ఒక కంప్యూటర్‌ని అందరూ 'సర్వర్' అనేవాళ్లు, మిగతా క్యాబిన్ల సిస్టమ్‌లన్నీ దాని మీదుగానే బయటికి వెళ్లేవి. విండోస్ 98 రెండో ఎడిషన్‌లో కనెక్షన్ షేరింగ్ సౌకర్యం వచ్చాక ఇదంతా రెండు క్లిక్కుల పని అయిపోయింది.

కాబట్టి కంప్యూటర్‌తో ఈ పని అవుతుందా అని అనుమానం అక్కర్లేదు. ఎందుకు చేయాలి, చేస్తే నెత్తిన పడేదేంటి అన్నదే చూసుకోవాలి. ప్యాకెట్‌ని, అంటే నెట్‌లో ప్రయాణించే సమాచారపు ముక్కని, ఈ కేబుల్ నుంచి ఆ కేబుల్‌లోకి తోయడం ఇందులో అన్నిటికన్నా తేలిక. ఆ చిన్న బాక్సు చెప్పాపెట్టకుండా చేసి పెట్టే మిగతా పనుల్లోనే కష్టమంతా ఉంది. లాభం కూడా స్పీడ్‌లో ఉండదు, ప్యాకెట్లు వరసలో ఆగే క్యూ దగ్గర ఉంటుంది. 100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్న ఇంట్లో ఎంత గొప్ప కంప్యూటర్ పెట్టినా 100కి మించి రాదు. స్పీడ్ పెంచుకుందామని ఈ పనికి దిగితే ఆదివారం దండగ.

తేలికైన భాగం ముందు. లినక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్‌కి ప్యాకెట్లు ఫార్వర్డ్ చేయడం పుట్టుకతోనే వచ్చు, కానీ మామూలుగా ఆ స్విచ్ ఆపేసి ఉంటుంది. ఐపీ ఫార్వర్డ్ అనే ఆ ఒక్క సెట్టింగ్‌ని 0 నుంచి 1 చేస్తే, రెండు నెట్‌వర్క్ కార్డులున్న ఏ కంప్యూటరైనా రూటరే. అయితే ఇంట్లో అది ఒక్కటే చాలదు. లోపలి ఫోన్లు, టీవీలు వాడే 192.168 అడ్రసులు బయట చెల్లవు, అందుకే అడ్రసులు మార్చే నాట్ కావాలి. అది లోపల ఏం చేస్తుందో ఒకసారి దగ్గరగా చూస్తే తర్వాత వచ్చే సగం సమస్యలు వాటంతటవే అర్థమవుతాయి.

ఒక ఫోన్ అడ్రసు 192.168.50.23 అనుకుందాం. అది తన 51514 పోర్టు (ఏ సంభాషణో గుర్తుపట్టే నంబరు, కేబుల్ గుచ్చే పోర్టు కాదు) నుంచి ఏదో వెబ్‌సైట్ 443 పోర్టుకి ఒక ప్యాకెట్ పంపింది. రూటర్ ఆ ప్యాకెట్ మీద 'పంపినవారు' గడిలో ఫోన్ అడ్రసు కొట్టేసి తన బయటి అడ్రసు, ఉదాహరణకి 100.72.10.4, రాస్తుంది. అదే సమయంలో తన పట్టికలో ఒక పద్దు వేసుకుంటుంది: ఈ ఫోన్, ఈ పోర్టు, ఆ సైట్, ఆ పోర్టు, బయటికి ఈ నంబరుతో వెళ్లింది అని. జవాబు వచ్చినప్పుడు ఆ పద్దు వెతికి అడ్రసు తిరగరాసి ఫోన్‌కి పంపుతుంది. పద్దు దొరకని ప్యాకెట్ బయటి నుంచి వస్తే దాన్ని లోపల ఎవరికివ్వాలో తెలీదు. పద్దులకి గడువు కూడా ఉంటుంది. అందిందో లేదో చూసుకుంటూ పంపే టీసీపీ కనెక్షన్ కుదిరితే లినక్స్‌లో మామూలుగా 5 రోజులు, అలా చూసుకోకుండా పంపే యూడీపీ ఒకవైపు నుంచే వెళ్తే 30 సెకన్లు. రూటర్ రీస్టార్ట్ చేస్తే ఆ పట్టిక మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది, అందుకే నెట్ తిరిగి వచ్చినా అంతకుముందు తెరిచి ఉన్న రిమోట్ లాగిన్లు బిగుసుకుపోయి కనిపిస్తాయి.

ఈ తిరగరాత ఎంత బరువు? గిగాబిట్ లైన్‌లో పెద్ద ప్యాకెట్లు నిండుగా పోతుంటే సెకనుకి దాదాపు 81 వేలు. పదేళ్ల నాటి కోర్ ఐ3కి కూడా అది పెద్ద పనేమీ కాదు. అన్నీ 64 బైట్ల చిన్న ప్యాకెట్లే అయితే లెక్క సెకనుకి 14 లక్షల 88 వేలకి ఎగబాకుతుంది, ఇంట్లో అలాంటి ట్రాఫిక్ రాదు.

ఇక కంప్యూటర్‌ని ఎక్కడ పెట్టాలి? ఇప్పుడు ఇళ్లకి వచ్చేది ఎక్కువగా ఫైబరే. ఆ సన్నటి తీగ చివర ఉండే బాక్సు, అంటే ఎర్ర లైటు వెలిగితే అందరూ కంగారుపడే ఆ ఓఎన్‌టీ, చాలాసార్లు మూడు పనులు ఒక్కటే చేస్తుంది: కాంతిని సిగ్నల్‌గా మార్చడం, రూటింగ్, వైఫై. మొదటి పని దాని దగ్గరి నుంచి లాక్కోలేం. ఆ బాక్సు సీరియల్ నంబరు కంపెనీ దగ్గర నమోదై ఉంటుంది, ఇంకోటి పెడితే లైన్ లేవదు. రెండోది మాత్రం రెండు రకాలుగా మన చేతిలోకి తెచ్చుకోవచ్చు. ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లోకి, అంటే రూటింగ్ మానేసి సిగ్నల్‌ని మాత్రమే అందించేలా, మార్చి పీపీపీఓఈ లాగిన్ (కంపెనీకి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చూపించి నెట్‌లో చేరడం) కంప్యూటర్ నుంచే చేయడం ఒక దారి. ఓఎన్‌టీని అలాగే వదిలేసి దాని ల్యాన్ (ఇంటివైపు) పోర్టు నుంచి కేబుల్ తెచ్చి కంప్యూటర్‌కి గుచ్చడం ఇంకో దారి. రెండో దాంట్లో నాట్ రెండుసార్లు జరుగుతుంది, డబుల్ నాట్ అంటారు. పేరు వింటే ఏదో జబ్బులా ఉంటుంది గానీ బ్రౌజింగ్‌కి, వీడియోలకి, యూపీఐకి దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. బయటి నుంచి లోపలికి ఎవరైనా కనెక్ట్ అవ్వాలన్నప్పుడు, కొన్ని గేముల్లో మాత్రం అడ్డొస్తుంది.

బ్రిడ్జ్ మోడ్‌కి వెళ్లేముందు కొన్ని చూసుకోవాలి. పీపీపీఓఈ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీల్యాన్ (ఒకే లైన్ మీద సేవల్ని వేరుచేసే గుర్తు) నంబరు చేతిలో ఉండాలి. కస్టమర్ కేర్‌కి తెలియకపోయినా లైన్ వేసిన అబ్బాయికి తెలుస్తుంది తరచూ. ఏపీ ఫైబర్‌నెట్ తరహాలో నెట్, టీవీ, ఫోన్ మూడూ ఒకే లైన్ మీద వచ్చే కనెక్షన్లలో బ్రిడ్జ్ చేస్తే ఫోన్, టీవీ ఆగిపోయే అవకాశం ఉంది, అవి ఏ వీల్యాన్ మీద నడుస్తున్నాయో తెలియకుండా చెయ్యి పెట్టకూడదు. పీపీపీఓఈ లేకుండా నేరుగా అడ్రసు ఇచ్చే లోకల్ కేబుల్ ఆపరేటర్లలో కొందరు మాక్ అడ్రసు, అంటే నెట్‌వర్క్ కార్డు సొంత నంబరు, కట్టేస్తారు, అంటే పాత బాక్సు నంబరు తప్ప వేరే నంబరు కనిపిస్తే నెట్ ఇవ్వరు. అలాంటప్పుడు కంప్యూటర్ బయటి కార్డుకి పాత బాక్సు మాక్ అడ్రసే పెట్టేస్తే పని జరిగిపోతుంది.

రెండో దారిలో వెళ్లేవాళ్లని పట్టుకునే పొరపాటు వేరే ఉంది. ఓఎన్‌టీ ఇచ్చేది 192.168.1 వరస, కంప్యూటర్ లోపలివైపు కూడా అలవాటుగా 192.168.1 వరసే పెట్టేస్తారు. రెండు పక్కలా ఒకే వరస ఉంటే ఏ అడ్రసు ఎటువైపుందో కంప్యూటర్‌కి తేలదు, అన్ని సెట్టింగులూ సరిగ్గానే కనిపిస్తాయి, నెట్ మాత్రం రాదు. లోపలికి 192.168.50 లాంటి వేరే వరస పెట్టేస్తే ఈ గోల ఉండదు.

హార్డ్‌వేర్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. రెండు ఈథర్‌నెట్ పోర్టులు కావాలి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ లాంటి కంప్యూటర్ల బజారులో దొరికే సెకండ్‌హ్యాండ్ ఆఫీస్ డెస్క్‌టాప్‌కి ఒక ఇంటెల్ గిగాబిట్ కార్డు వేస్తే చాలు, సన్నటి క్యాబినెట్ అయితే కార్డుకి పొట్టి ప్లేటు ఉందో లేదో కొనేటప్పుడే అడగాలి. ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ 3 ఈథర్‌నెట్ ముక్క తగిలించినా నడుస్తుంది గానీ రాత్రీపగలూ నడిచే పనికి అది రెండో ఎంపిక. రాస్ప్‌బెరీ పై 4లో అసలైన గిగాబిట్ పోర్టు ఉంది, 3 బీ ప్లస్‌లో ఆ పోర్టు యూఎస్‌బీ 2 మీద నడవడం వల్ల 300 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంది.

కరెంటు లెక్క మాత్రం తప్పకుండా వేయాలి, ఎందుకంటే 'పాత సిస్టమ్ ఊరికే పడి ఉంది కదా' అన్న మాటలోని ఊరికే ఇక్కడే ఖరీదవుతుంది. ఖాళీగా ఉన్నా 60 వాట్లు తాగే డెస్క్‌టాప్ రోజంతా ఆన్‌లో ఉంటే 1.44 యూనిట్లు, నెలకి 43. యూనిట్‌కి 6 రూపాయలు వేసుకున్నా 260, పైగా మన దగ్గర స్లాబుల పద్ధతి కాబట్టి ఆ 43 యూనిట్లు బిల్లుని పై స్లాబులోకి నెట్టినా నెట్టవచ్చు. ఇంటెల్ ఎన్100 చిప్ ఉన్న చిన్న మినీ పీసీ అయితే 10 వాట్ల దగ్గర నడుస్తుంది, నెలకి 7 యూనిట్లు. ఏడాది, రెండేళ్ల లెక్క వేస్తే ఉచితంగా దొరికిన పాత డెస్క్‌టాపే ఎక్కువ ఖర్చు పెట్టించే రకం. ఇన్వర్టర్ లేని ఇళ్లలో ఇంకో చిక్కు: వైఫై బాక్సులకి పెట్టే ఆ చిన్న 12 వోల్టుల యూపీఎస్‌లు డెస్క్‌టాప్‌ని మోయలేవు. ఆ మాటకొస్తే పాత ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది కాబట్టి అదొక్కటే దానికి కలిసొచ్చే విషయం, మూత మూస్తే నిద్రపోకుండా సెట్టింగ్ మార్చడం మర్చిపోనంతవరకు.

ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి అన్నదాని మీద తగువులు ఎప్పటికీ తెగవు. విండోస్‌లో కనెక్షన్ షేరింగ్ ఇప్పటికీ ఉంది, ఒక సాయంత్రానికి సరిపోతుంది, కానీ రీస్టార్ట్ అయ్యాక షేరింగ్ పనిచేయకుండా ఆగిపోవడం విండోస్ 10లో మైక్రోసాఫ్టే ఒప్పుకున్న సమస్య. అర్ధరాత్రి అప్‌డేట్ పడి సిస్టమ్ రీస్టార్ట్ అయితే పొద్దున్న ఇంట్లో ఎవరికీ నెట్ ఉండదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీకి మామూలు పీసీల కోసం కూడా వెర్షన్ ఉంది, చాలా చిన్నది, అన్నీ బ్రౌజర్‌లోంచే మార్చుకోవచ్చు. 2015లో పీఎఫ్‌సెన్స్ అనే రూటర్ సాఫ్ట్‌వేర్ నుంచి విడిపోయి వచ్చిన ఓపీఎన్‌సెన్స్ కూడా మంచిదే, అయితే ఆ రెండూ ఫ్రీబీఎస్‌డీ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తాయి, రియల్‌టెక్ కార్డులతో ఫ్రీబీఎస్‌డీకి అంత పొసగదు. కమాండ్లు రాసుకోవడం ఇష్టమైనవాళ్లకి మామూలు డెబియన్ లినక్స్, ఫైర్‌వాల్‌కి ఎన్‌ఎఫ్‌టేబుల్స్, అడ్రసులకీ పేర్లకీ డీఎన్‌ఎస్‌మాస్క్ చాలు. ఏది ఎంచుకున్నా రోజూ వాడుకునే సిస్టమ్‌నే రూటర్‌గా పెట్టడం మాత్రం మంచి ఆలోచన కాదు. ఉదాహరణకి అదే సిస్టమ్‌లో డాకర్ (ప్రోగ్రాముల్ని విడివిడి డబ్బాల్లో నడిపే సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాల్ చేస్తే అది ఫార్వర్డింగ్ నియమాన్ని 'ఆపేయ్' అని మార్చేయవచ్చు. నిన్నటిదాకా నడిచిన నెట్ ఎందుకు ఆగిందో డాకర్ వేసినవాళ్లకి వెంటనే తట్టదు.

బాక్సు చెప్పకుండా చేసే పనుల్లో మొదటిది అడ్రసులు పంచడం. ఫోన్ వైఫైలో చేరగానే 'ఇక్కడ అడ్రసులిచ్చేవాళ్లెవరు' అని అరుస్తుంది, డీహెచ్‌సీపీ సర్వర్ ఒక అడ్రసు చూపిస్తుంది, ఫోన్ అదే అడుగుతుంది, సర్వర్ ఖాయం చేస్తుంది. నాలుగు మాటల్లో అయిపోతుంది. అడ్రసుతో పాటే బయటికి దారి ఎవరు, వెబ్‌సైట్ పేర్లకి అడ్రసులు ఎవర్ని అడగాలి అన్నవి కూడా ఫోన్‌కి అందుతాయి. డీఎన్‌ఎస్‌మాస్క్ ఒక్కటే ఈ పంపకం, పేర్ల వెతుకులాట రెండూ చూసుకుంటుంది. ఇక్కడే ప్రకటనల డొమైన్లు ఆపే జాబితా తగిలించుకోవచ్చు, ఇంట్లోవాళ్లకి ఈ వ్యవహారమంతటిలో కంటికి కనిపించే లాభాల్లో అదొకటి. పిల్లల ఫోన్‌కి రాత్రి 10 తర్వాత నెట్ ఆపేయాలని మాక్ అడ్రసు మీద నియమం రాసేవాళ్లు ఒకటి గమనించాలి: ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి వైఫైకి అసలు మాక్ బదులు కల్పిత మాక్ వాడటం మామూలైపోయింది. ఫోన్‌లో ఆ సెట్టింగ్ ఆపకపోతే నియమం ఎప్పుడైనా గాలికి పోవచ్చు, ఈ సంగతి పెద్దలకన్నా ముందు పిల్లలకే తెలుస్తుంది.

ఏ ప్యాకెట్‌ని రానివ్వాలో తేల్చే ఫైర్‌వాల్ అంటే జనం భయపడతారు గానీ ఇంటికి కావాల్సింది చిన్నదే. లోపలి నుంచి మొదలైన సంభాషణకి వచ్చే జవాబుల్ని రానివ్వాలి, లోపలి నుంచి బయటికి పోనివ్వాలి, బయటి నుంచి తనంతట తాను వచ్చేదేదైనా పడేయాలి. కంప్యూటర్ మీద నడిచే పేర్ల సర్వీసు, రిమోట్ లాగిన్, సెట్టింగుల పేజీ లోపలి కార్డు మీదే వినాలి. బయటి కార్డు మీద పేర్ల సర్వీసు తెరిచి ఉంటే ఎక్కడెక్కడివాళ్లో దాన్ని దాడులకి వాడుకుంటారు. కంపెనీ బాక్సుల్ని నమ్మితే ఈ బెడద ఉండదా అంటే అదీ లేదు. 2016 నవంబర్‌లో జర్మనీలో డాయిష్ టెలికాం ఖాతాదారులు సుమారు 9 లక్షల మందికి నెట్ ఆగిపోయింది, రూటర్లని దూరం నుంచి నిర్వహించడానికి కంపెనీలు వాడే 7547 పోర్టు మీద జరిగిన దాడి వల్ల. సొంత కంప్యూటర్‌లో అలాంటి తలుపు ఉండదు, కానీ అప్‌డేట్లు ఎక్కించే బాధ్యత మాత్రం పూర్తిగా పెట్టుకున్నవాళ్లదే.

పీపీపీఓఈ వాడేవాళ్లని వేధించే విచిత్రమైన లక్షణం ఒకటుంది. వాట్సాప్ మెసేజీలు వెళ్తాయి, గూగుల్ తెరుచుకుంటుంది, ఏదో ఒక బ్యాంకు సైటో ప్రభుత్వ సైటో మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఆ సైట్ తప్పని అందరూ తిట్టుకుంటారు. మామూలు ఈథర్‌నెట్ ప్యాకెట్ హద్దు 1500 బైట్లు, పీపీపీఓఈ తన తలపాగాకి 8 తీసుకుంటుంది, మిగిలేది 1492. ఈ సంగతి అవతలి సర్వర్‌కి తెలీదు, 1500 సైజు ప్యాకెట్లు పంపుతుంది, 'ఇవి పట్టవు' అని చెప్పే ఐసీఎంపీ కబురుని మధ్యలో ఎవరో ఫైర్‌వాల్‌లో ఆపేసి ఉంటారు. చిన్న ప్యాకెట్లు దాటిపోతాయి, పెద్దవి ఎక్కడో పడిపోతాయి. కనెక్షన్ మొదలయ్యేటప్పుడే ఎమ్‌ఎస్‌ఎస్ (ఒక ప్యాకెట్‌లో పట్టే డేటా హద్దు) విలువని 1452కి కుదించమని రూటర్‌లో ఒక్క నియమం రాస్తే సరి. కంపెనీ బాక్సు ఇన్నాళ్లూ ఆ పని నోరెత్తకుండా చేసింది.

వైఫై దగ్గర మాత్రం మొండిపట్టు వద్దు. కంప్యూటర్‌లోని వైఫై కార్డు ఒక నెట్‌వర్క్‌లో చేరడానికి తయారైంది, పది ఫోన్లకి ఆతిథ్యం ఇవ్వడానికి కాదు. చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్ కార్డులు 5 గిగాహెర్ట్జ్‌లో యాక్సెస్ పాయింట్‌గా, అంటే వైఫై ఇచ్చే బాక్సుగా, నిలబడనే నిలబడవు. రూటింగ్ కంప్యూటర్‌కిచ్చి, వైఫైకి మాత్రం పాత రూటర్‌ని వాడుకోవడమే తెలివైన పని. పాత రూటర్ అడ్రసుని 192.168.50.2కి మార్చాలి, దాని డీహెచ్‌సీపీ ఆపేయాలి, కంప్యూటర్ నుంచి వచ్చే కేబుల్‌ని దాని ల్యాన్ పోర్టుల్లో ఒకదాంట్లో గుచ్చాలి. రంగు వేరుగా ఉండే ఆ వ్యాన్ (బయటివైపు) పోర్టు ఖాళీగా ఉండాలి. డీహెచ్‌సీపీ ఆపడం మర్చిపోతే ఇద్దరు అడ్రసులు పంచుతుంటారు, ఎవరు ముందు పలికితే ఫోన్ వాళ్లదే తీసుకుంటుంది. ఒక ఫోన్‌లో నెట్ వస్తుంది, పక్క ఫోన్‌లో రాదు, కాసేపాగి తిరగబడుతుంది. అలాంటి తిక్క లక్షణం కనిపిస్తే ముందు చూడాల్సింది ఇదే.

ఇంతా చేసి లాభం ఏంటి అంటే, ఇప్పుడు క్యూ దగ్గరికి రావాలి. ఇంట్లో ఒకరి ఫోన్ పెళ్లి వీడియోలన్నీ గూగుల్ ఫోటోస్‌కి ఎక్కించడం మొదలుపెడుతుంది. అదే నిమిషంలో ఇంకో గదిలో జూమ్ మీటింగ్‌లో మాట తెగిపోతుంది, బొమ్మ ఆగిపోతుంది. స్పీడ్ టెస్ట్ చేస్తే నంబరు బాగానే ఉంటుంది, అందుకే కంపెనీకి ఫోన్ చేసినా 'మా వైపు అంతా ఓకే సార్' అంటారు, నిజానికి వాళ్లు చెప్పేది అబద్ధమూ కాదు. ఇది కిరాణా కొట్లో నెల సరుకుల చిట్టీ ఇచ్చినవాళ్ల వెనక అగ్గిపెట్టె కోసం నిలబడ్డట్టు. ఓఎన్‌టీలో ప్యాకెట్లు వరసలో నిలబడే చోటు, అంటే బఫర్, పెద్దగా ఉంటుంది. 40 ఎంబీపీఎస్ ప్లాన్‌లో ఆ బఫర్ 2 మెగాబైట్లు అనుకుంటే, అది నిండాక వచ్చిన కొత్త ప్యాకెట్ తన వంతు కోసం 0.4 సెకను ఆగాలి. వీడియో ఎక్కించేదానికి ఆ ఆలస్యం లెక్కే కాదు, మాటకి మాత్రం ప్రాణాంతకం. 2010లో ప్రోగ్రామర్ జిమ్ గెటిస్ తన ఇంటి కనెక్షన్‌లోనే ఈ తిప్పలు చూసి తవ్వుకుంటూ పోతే బయటపడిన ఈ రోగానికి బఫర్‌బ్లోట్ అని పేరు స్థిరపడింది.

మందు 2012లో వచ్చింది. నెట్‌వర్క్ పరిశోధకులు క్యాథలీన్ నికొల్స్, వాన్ జేకబ్‌సన్ కలిసి కోడెల్ అనే పద్ధతి రాశారు: క్యూ ఎంత పొడవుందో చూడొద్దు, అందులో ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందో చూడు, ఎక్కువసేపు ఆగుతుంటే కొన్నిటిని పడేసి పంపేవాళ్లకి నెమ్మదించమని తెలియజెయ్యి. దానికి ఒక్కో సంభాషణకి ఒక్కో చిన్న క్యూ చేర్చితే ఎఫ్‌క్యూ కోడెల్. దాన్ని ఇంకా ఇంటి వాడకానికి తగినట్టు మలిచిన కేక్ అనేది 2018లో లినక్స్ 4.19 కెర్నెల్‌లో చేరింది. కిటుకంతా ఎక్కడుందంటే, క్యూ ఓఎన్‌టీలో తయారవకుండా మన కంప్యూటర్‌లో తయారయ్యేలా చేయాలి. 40 వచ్చే లైన్‌కి కంప్యూటర్‌లో 36 అని హద్దు పెడితే ఓఎన్‌టీ బఫర్ ఎప్పుడూ నిండదు, వరస మన దగ్గరే కడుతుంది, ఎవరిని ముందు పంపాలో కేక్ చూసుకుంటుంది. నూటికి పది వంతుల స్పీడ్ వదులుకోవడం చాలామందికి మింగుడుపడదు. పరీక్ష మాత్రం ఎవరైనా చేసుకోవచ్చు: ఒక పక్క పెద్ద ఫైల్ అప్‌లోడ్ పెట్టి ఇంకో పక్క గూగుల్ సర్వర్ 8.8.8.8కి పింగ్, అంటే కబురు వెళ్లి రావడానికి పట్టే సమయం, చూడాలి. హద్దు లేనప్పుడు పదుల్లో ఉండే మిల్లీసెకన్లు వందల్లోకి పోతే రోగం ఉన్నట్టే, హద్దు పెట్టాక ఆ అంకె పెద్దగా కదలకపోతే పోయినట్టే.

ఈ పని చవక వైఫై బాక్సుల్లో ఎందుకు చేయరు అని సందేహం రావచ్చు. చాలా బాక్సులు గిగాబిట్ ఇవ్వగలిగేది ప్రాసెసర్ బలంతో కాదు, నాట్ పనిని వేరే చిప్‌కి అప్పగించడం వల్ల. ప్యాకెట్లు ప్రాసెసర్‌ని తాకకుండా పక్కదారిన పోతుంటాయి. కేక్ పెట్టాలంటే ప్రతి ప్యాకెట్టూ ప్రాసెసర్ ముందు నుంచి వెళ్లాలి, అప్పుడు ఆ చిన్న ప్రాసెసర్ చతికిలపడుతుంది. మామూలు కంప్యూటర్ నిజంగా పనికొచ్చే చోటు ఇదొక్కటే అన్నా అతిశయోక్తి లేదు. ఒక్క షరతు: ఇరుకు నెట్ లైన్ దగ్గరే ఉండాలి. రెండు గోడల అవతల వైఫై సిగ్నల్ చచ్చిపోయి మీటింగ్ తెగుతుంటే కేక్ కాదు కదా దేవుడొచ్చినా రూటర్ దగ్గర చేయగలిగిందేమీ లేదు, ఆ గదికి కేబుల్ లాగాల్సిందే.

బయటి నుంచి ఇంటి కెమెరాలు, ఫైళ్లు చూసుకోవాలన్న ఆశ ఉన్నవాళ్లు ముందు తమ బయటి అడ్రసు చూసుకోవాలి. అది 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే కంపెనీ దగ్గరే ఇంకో పెద్ద నాట్ ఉన్నట్టు. ఆసియా పసిఫిక్ ప్రాంతానికి ఐపీవీ4 (ఇప్పటిదాకా చెప్పిన పాత రకం) అడ్రసులు 2011 ఏప్రిల్‌లోనే అడుగంటాయి, మరుసటి ఏడాది ఈ వరసని ప్రత్యేకంగా ఇలాంటి పంపకాల కోసమే కేటాయించారు. ఆ నాట్ పట్టిక మన చేతిలో లేదు కాబట్టి బయటి నుంచి వచ్చేదాన్ని లోపలికి మళ్లించే పోర్ట్ ఫార్వర్డింగ్ ఎన్నిసార్లు రాసినా దండగే. డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ (మారని సొంత అడ్రసు) తీసుకోవాలి, లేదా లోపలి నుంచే బయటికి వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ సొరంగం వేసుకోవాలి.

ఐపీవీ6 అనే కొత్త రకం అడ్రసుల కథ దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ నాట్ లేదు, ఇంట్లో ప్రతి ఫోన్‌కీ టీవీకీ ప్రపంచమంతా చేరగల సొంత అడ్రసు వస్తుంది. ఐపీవీ4లో కంపెనీ నాట్ వెనక దాక్కుని అలవాటైనవాళ్లు ఫైర్‌వాల్ నియమాలు ఐపీవీ4కే రాసి ఊరుకుంటే, రెండో తలుపు బార్లా తెరిచినట్టే. ఇంకో ముడి కూడా ఉంది. లినక్స్‌లో ఐపీవీ6 ఫార్వర్డింగ్ ఆన్ చేయగానే 'నేనే రూటర్‌ని, నాకు ఇంకో రూటర్ చెప్పేదేంటి' అన్నట్టు కెర్నెల్ బయటి నుంచి వచ్చే రూటర్ ప్రకటనల్ని వినడం మానేస్తుంది. బయటి కార్డుకి ఆ ప్రకటనలు వినే సెట్టింగ్ 1 బదులు 2 పెడితేనే వింటుంది. ఇది తెలియక ఐపీవీ6 మొత్తాన్నే ఆపేసి కూర్చున్న ఇళ్లు తక్కువేం ఉండవు.

చివరిగా, పెట్టినవాళ్లు ఊళ్లో లేనప్పటి సంగతి. కరెంటు పోయి వస్తే కంప్యూటర్ తనంతట తాను లేవాలి, బయోస్‌లో (కంప్యూటర్ లేచేటప్పుడు తెరవగలిగే సెట్టింగుల్లో) కరెంటు వచ్చాక ఆన్ అవ్వమనే సెట్టింగ్ ఉంటుంది, అది మామూలుగా ఆపేసి ఉంటుంది. హార్డ్ డిస్క్ పోతే? అప్పుడు ఇంట్లో ఉన్న అమ్మానాన్నలకి ఫోన్‌లో కమాండ్లు చెప్పి రాయించడం ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. అందరూ చిన్నచూపు చూసే డబుల్ నాట్ ఇక్కడ అక్కరకొస్తుంది. ఓఎన్‌టీ ఇంకా రూటర్‌గానే ఉంటుంది కాబట్టి, వైఫై కోసం పెట్టిన పాత రూటర్ కేబుల్‌ని కంప్యూటర్ నుంచి పీకి నేరుగా ఓఎన్‌టీ ల్యాన్ పోర్టులో గుచ్చితే చాలు. పాత రూటర్ అడ్రసులు పంచదు, ఆ పని ఓఎన్‌టీ అందుకుంటుంది, వైఫై పేరు, పాస్‌వర్డ్ మారవు, ఫోన్లని ఒకసారి వైఫై ఆపి ఆన్ చేయమంటే నెట్ వచ్చేస్తుంది. బ్రిడ్జ్ మోడ్‌లో ఈ సౌలభ్యం లేదు. కాబట్టి స్టాటిక్ ఐపీ అవసరం లేని, నలుగురు వాడుకునే ఇంట్లో ఓఎన్‌టీని దాని మానాన వదిలేసి, ఏ కేబుల్ ఎక్కడి నుంచి పీకి ఎక్కడ గుచ్చాలో ఒక చీటీ రాసి ఆ కేబుల్‌కే అంటించి పెట్టాలి.